మారథాన్ ముందు అన్నం మానకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పూర్తి దూరం పరుగెత్తడానికి పేరు నమోదు చేసుకున్నావనీ, బరువు తగ్గడానికి రాత్రిపూట అన్నం మానేశావనీ మీ అమ్మ చెప్పింది. మొదటి మాట విని సంతోషించాను. రెండవదాన్ని మాత్రం పరుగు ముగిసేదాకా వాయిదా వెయ్యి.

42.195 కిలోమీటర్ల పరుగులో కొవ్వు కూడా ఖర్చవుతుంది గానీ, వేగం పెరిగేకొద్దీ శరీరం ఎక్కువగా ఆధారపడేది పిండిపదార్థాల మీదనే. అవి గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో దాదాపు 100 గ్రాములు నిల్వ ఉంటాయి. ఆ నిల్వ అడుగంటితే, సాధారణంగా 30 కిలోమీటర్లు దాటాక, కాళ్లు బరువెక్కి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. 1924లో బోస్టన్ మారథాన్ ముగించిన కొందరి రక్తాన్ని వైద్యులు పరీక్షించి, పాలిపోయి నీరసించినవారిలో చక్కెర బాగా తగ్గిందని గమనించారు. మరుసటి ఏడాది ముందురోజు పిండిపదార్థాలు ఎక్కువగా తినిపించి, దారిలో మిఠాయి ఇస్తే ఆ ఇబ్బంది చాలావరకు తప్పింది. పరుగులో పిండుకుని మింగే ఈనాటి ఖరీదైన తీపి జెల్ పొట్లాల వెనుక ఉన్నదీ ఆ మిఠాయి సూత్రమే.

పరుగుకు ముందు రెండు రోజులు కిలో బరువుకు 8 నుంచి 10 గ్రాముల చొప్పున, అంటే నీ 60 కిలోలకు రోజుకు 480 నుంచి 600 గ్రాముల దాకా పిండిపదార్థాలు కావాలి. వండిన అన్నం 100 గ్రాముల్లో ఉండేది 28 గ్రాములే కనుక ఇడ్లీ, అరటిపండ్లు, బెల్లం, పళ్లరసం కూడా చేర్చుకో. ఆకుకూరలు, పప్పు, వేపుళ్లు తగ్గించు. పీచు, నూనె పరుగులో కడుపును సతాయిస్తాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది కాబట్టి, తూకంలో కిలో పెరిగిందని కంగారుపడకు.

ఆ రోజు మొదలుపెట్టడానికి రెండు మూడు గంటల ముందే, నిద్ర చెడినా సరే, నాలుగు ఇడ్లీలు తేనెతో తిను. కారప్పొడి, కొబ్బరి పచ్చడి జోలికి పోకు. తరువాత ఆకలి వేసేదాకా ఆగకుండా, మొదటి అరగంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు అందేలా ఖర్జూరాలో జెల్లో నీటితో తీసుకో. ఫ్లైఓవర్ ఎక్కుతూ నమలడం కష్టం, చదును దారిలోనే ఆ పని ముగించు. ఇదంతా ఆదివారం సుదీర్ఘ పరుగుల్లో ముందే అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే కాళ్లలాగే కడుపుకూ సాధన అవసరం. గంటలోపు పరుగులకు ఈ హంగామా అక్కరలేదు.

మీ నాన్నగారికి మధుమేహం ఉంది కదా, ఈ లెక్కలు ఆయన కంచం దాకా రానివ్వకు.

ఇట్లు,
మీ మామయ్య