ఇది నిజమేనాండీ?

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చాలావరకు ఈ మాటతోనే మొదలయ్యాయి. బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో ఉండే మనకి ఏ వార్తయినా మూడు దారుల్లో ఇంటికి చేరుతుంది: టీవీలో ఒడియాలో, ఫోన్లో తెలుగులో, పిల్లల నోట సగం ఇంగ్లీషులో. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకేటప్పుడు ఎక్కడో ఒక అంకె జారిపోతుంది, 'కావచ్చు' అన్నది 'అవుతుంది' అయిపోతుంది. అందుకని అడగడమే మంచిది, ఎంత చిన్న సందేహమైనా సరే పంపండి.

ప్రశ్న: 2032 డిసెంబరులో ఆకాశం నుంచి పెద్ద రాయి పడి భూమి ముక్కలైపోతుందని వీడియో మళ్ళీ తిరుగుతోంది. మా ఇంటి లోను 2036 దాకా ఉంది. కట్టాలా మానాలా అని మా ఆయన అడుగుతున్నారు. (ఒక గృహిణి, రాయగడ)

జవాబు: కట్టండమ్మా, ఒక్క నెల కూడా ఆపొద్దు. ఆ రాయి పేరు 2024 వైఆర్4. చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోపుకి 2024 డిసెంబరు 27న అది కనపడింది. 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం మొదట ఒక శాతం అన్నారు. 2025 ఫిబ్రవరిలో అది 3.1 శాతానికి పెరిగింది, మీరు చూసిన వీడియో అప్పటిదే అయ్యుంటుంది. ఆ నెల తిరక్కుండానే అది దాదాపు సున్నాకి పడిపోయింది. పెరిగిన వార్త ఊరంతా తిరిగింది, పడిపోయిన వార్త మీ ఇంటి దాకా రాలేదు, నాకు బాధేసేది అదే.

పెరిగి మళ్ళీ ఎందుకు పడిపోయింది, వీళ్ళకే సరిగ్గా తెలీదా అని మీవారు అనవచ్చు. సంతలో పిల్లాడు తప్పిపోయాడనుకోండి. ముందు సంతంతా వెతకాలి కాబట్టి మిఠాయి కొట్టు దగ్గర ఉండే అవకాశం చాలా తక్కువ. కూరగాయల వైపు లేడు, బట్టల వైపు లేడు అని తేలేకొద్దీ మిఠాయి కొట్టు మీద ఆశ పెరుగుతూ పోతుంది. తీరా అక్కడికి వెళ్ళి చూస్తే లేడు, అవకాశం ఒక్కసారిగా సున్నా. కొత్తగా కనపడ్డ రాయి దారీ అంతే. మొదట వెడల్పుగా ఒక పట్టీలా గీస్తారు, కొలతలు వచ్చేకొద్దీ పట్టీ సన్నబడుతుంది, భూమి ఇంకా అందులోనే ఉన్నంతసేపూ శాతం పెరుగుతుంది, బయటపడగానే పోతుంది. ఇంకో మాట, ఆ రాయి అడ్డం 53 నుంచి 67 మీటర్లని అంచనా. పడితే ఒక నగరాన్ని దెబ్బతీయగలదు గానీ భూమిని ముక్కలు చేసే సైజు కాదు.

ప్రశ్న: తెలుగులో 'జ్ఞా' అని మెసేజ్ పంపితే ఐఫోన్ పాడైపోతుందని మా కొట్లో కుర్రాడు అంటున్నాడు. మా అమ్మాయి పేరులోనే ఆ అక్షరం ఉంది. (పట్టుచీరల వ్యాపారి, బరంపురం)

జవాబు: ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. 2018 ఫిబ్రవరిలో ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది, తెరిస్తే మళ్ళీ కూలేది. ఫోన్ లోపల 'జ్ఞా' ఒకే అక్షరంగా ఉండదు. 'జ', దాని కింద పొల్లు, తర్వాత 'ఞ', చివర దీర్ఘం, ఇలా ముక్కలుగా ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని పేర్చి మనకి చూపిస్తుంది. ఆ ముక్కల మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి చేరినప్పుడు ఐఫోన్ పేర్చలేక తడబడింది. ఫిబ్రవరి 19న ఆపిల్ కంపెనీ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. తప్పు మన అక్షరానిది కాదు, దాన్ని పేర్చాల్సిన సాఫ్ట్‌వేర్‌ది. ఒడియా బడిలో చదివే మన పిల్లలు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్న ఈ రోజుల్లో, అక్షరమే ప్రమాదమని ఒక కుర్రాడు నమ్మడం నాకు నచ్చలేదు. మీ అమ్మాయిని తన పేరు తెలుగులోనే టైపు చేసుకోమనండి.

ప్రశ్న: జేబులో ఫోన్ ఉంటే పిడుగు దాన్ని వెతుక్కుంటూ వచ్చి పడుతుందట కదా. మేం వానొస్తే ఫోన్ ఆఫ్ చేసి చింతచెట్టు కిందకి పోతున్నాం. (ఒక రైతు, గుణుపురం)

జవాబు: అన్నా, ఈ ఉత్తరం చదివి నాకు గుండె జల్లుమంది. మీరు వదిలేయాల్సింది చెట్టుని, ఫోన్‌ని కాదు. సెల్‌ఫోన్ పిడుగుని లాగదు. ఉరుముల వేళ వైరుతో గోడకి కలిపి ఉన్న ఫోన్ పట్టుకోకూడదు, ఆ మాటే చేతులు మారి సెల్‌ఫోన్‌కి అంటుకుంది. చుట్టుపక్కల ఎత్తుగా ఏది ఉంటే పిడుగు ఎక్కువగా దాని మీద పడుతుంది. పొలం మధ్య ఒంటిగా నిలబడ్డ చింతచెట్టు కన్నా ఎత్తైనది ఇంకేముంది? చెట్టు మీద పడ్డ కరెంటు మాను పట్టుకుని దిగుతూ పక్కనున్న మనిషి మీదకి దూకుతుంది, నేలలోంచి కూడా కాళ్ళలోకి పాకుతుంది. మన ఒడిశాలో పిడుగుని 2015 నుంచి రాష్ట్ర విపత్తుల లెక్కలో చేర్చారంటేనే అర్థం చేసుకోండి, ఇక్కడ ఎన్ని ఇళ్ళలో ఈ ఏడుపు ఉందో.

ఫోన్ ఆన్‌లోనే పెట్టండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన దామిని అనే యాప్ ఉంది, మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగుల కదలిక ఉంటే చెబుతుంది. సిగ్నల్ లేదా? అయితే మన అమ్మమ్మల పద్ధతి ఉంది. ఉరిమితే ఏమనేవారు? అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి, శ్వేతవాహన, బీభత్స, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. సరిగ్గా పది పేర్లు. వాటిని హడావుడి పడకుండా సెకనుకి ఒకటి చొప్పున అనండి, కాకపోతే ఉరిమాక కాదు, మెరుపు కనపడగానే మొదలుపెట్టండి. మెరుపు వెలుగు వెంటనే వచ్చేస్తుంది, శబ్దం మాత్రం సెకనుకి 340 మీటర్ల చొప్పున నడిచొస్తుంది, అంటే కిలోమీటరుకి మూడు సెకన్లు. కిరీటి దగ్గరికి వచ్చేసరికి ఉరిమితే పిడుగు కిలోమీటరున్నర లోపలే పడింది. ధనంజయ దాకా వెళ్తే మూడు కిలోమీటర్ల పైచిలుకు. పది పేర్లూ మూడుసార్లు పూర్తయ్యేలోపు ఉరిమిందంటే పది కిలోమీటర్ల లోపలే ఉంది, అప్పుడిక నాగలీ పలుగూ అక్కడే వదిలేసి పక్కా ఇంట్లోకో తలుపులు మూసిన వ్యానులోకో వెళ్ళిపోవాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు.

దగ్గర్లో ఏ ఇల్లూ లేకపోతే చెట్లకీ కరెంటు స్తంభాలకీ దూరంగా, కాస్త పల్లంగా ఉన్న చోట రెండు పాదాలూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి, నేల మీద పడుకోవద్దు. ఇది కాపాడి తీరుతుందని కాదు, ప్రమాదం కొంత తగ్గుతుంది, అంతే. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని దూరంగా నిలబడతారు చూడండి, అది పూర్తిగా తప్పు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. వెంటనే పట్టుకోండి, ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద గట్టిగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి.

ప్రశ్న: ఎండలు పెరిగి తాబేళ్ళన్నీ ఆడవే పుడుతున్నాయని టీవీలో చూశాను. ఇంట్లో చెబితే మా నాన్న నవ్వేశారు. (డిగ్రీ విద్యార్థిని, రుషికుల్య నది మొగ దగ్గరి పల్లె, గంజాం జిల్లా)

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. సగం నువ్వు రైటు, సగం మీ నాన్నగారు రైటు. మనుషుల్లోలా తాబేలుకి ఆడా మగా అన్నది తల్లి కడుపులో తేలదు. ఇసకలో తేలుతుంది. నువ్వు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటావు, తల్లి రాత్రిపూట ఒడ్డుకొచ్చి వెనక రెక్కలతో గొయ్యి తవ్వి, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు వందకి అటూ ఇటూగా పెట్టి, ఇసక కప్పి, ఒంటితో అటూ ఇటూ ఊగుతూ టపటపా అదిమి వెళ్ళిపోతుంది. అవి పొదగడానికి నెలన్నర పైన పడుతుంది. అందులో నడిమి రోజుల్లో ఆ ఇసక ఎంత వెచ్చగా ఉందన్నదే లెక్క. ముప్పై డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఒక గీత ఉంది, దానికి పైన వేడెక్కితే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. మరీ వేడెక్కితే పిల్లే బతకదు.

'అన్నీ ఆడవే' అన్న వార్త మాత్రం మన రేవుది కాదు. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలోని పచ్చ తాబేళ్ళ మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది, అక్కడి చిన్న తాబేళ్ళలో 99 శాతం ఆడవేనని తేలింది. మన దగ్గరికి వచ్చేది ఆలివ్ రిడ్లే, జాతి వేరు, ఇసక వేరు, గుడ్లు పెట్టే నెలలు వేరు. గొయ్యి ఎంత లోతు, మధ్యలో ఒక వాన పడిందా లేదా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఆస్ట్రేలియా అంకె తెచ్చి రుషికుల్య మీద అతికించకూడదు. అలాగని నవ్వేసి వదిలేసే సంగతీ కాదు, ఎండ పెరిగితే మన ఇసకా వేడెక్కుతుంది.

మీ నాన్నగారితో వాదన పెట్టుకోకు, ఆయన దగ్గర కూర్చుని అడుగు. ఏ గాలి తిరిగితే తాబేళ్ళు గుంపులుగా వస్తాయి, ఏ ఏడు గుడ్లు అల తినేసింది, ఒడ్డు ఎటు జరిగింది, ఇవన్నీ తేదీలు వేసి రాసిపెట్టు. నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర వేట ఆపుకుని కూర్చునే ఇళ్ళు మీవి. ఆ తాబేళ్ళ కోసం జేబులోంచి ఖర్చు పెడుతున్నది మీరే, వాటి గురించి మాట్లాడే హక్కు మీకు అందరికన్నా ఎక్కువ ఉందని నేను నమ్ముతాను. పిల్లలు బయటికొచ్చే రాత్రుల్లో మాత్రం పల్లెలో బయటి లైట్లు ఆపించు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుగుంటే అటు పోతుంది, సముద్రం మీది వెలుగనుకుని మీ వీధి దీపం దగ్గరికి వచ్చి ఎండిపోతుంది.

ప్రశ్న: పదివేల ఏళ్ళ కింద అంతరించిన తోడేలుని మళ్ళీ పుట్టించారట. మన చీతాని ఇలాగే పుట్టించొచ్చు కదా? (ఇంటర్ విద్యార్థి, పర్లాకిమిడి)

జవాబు: 2025 ఏప్రిల్‌లో అమెరికాలో కొలోసల్ కంపెనీ ప్రకటించిన డైర్ వోల్ఫ్ సంగతే కదా తమ్ముడూ. అవి మామూలు బూడిదరంగు తోడేలు కణాల్లో 14 జన్యువుల దగ్గర 20 మార్పులు చేసి పుట్టించిన పిల్లలు. గొప్ప పనే, కానీ పాత తోడేలు తిరిగొచ్చిందనడం నాకు సబబుగా అనిపించదు. చీతాకి ఆ అవస్థే లేదు, ఆఫ్రికాలో ఇంకా బతికే ఉన్నాయి. మన దేశంలో 1952లో లేవని ప్రకటించారు, 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ పార్కులో వదిలారు.

ప్రశ్న: మా మనవడి గొంతుతో ఫోన్ వచ్చింది. 'తాతా, యాక్సిడెంట్ చేశాను, పోలీసులు పట్టుకున్నారు, ఎవరికీ చెప్పకు, డబ్బు పంపు' అని ఏడుపు. అచ్చం వాడి గొంతే. కంప్యూటర్ ఇంత పని చేస్తుందా? (రిటైర్డ్ టీచరు, జయపురం)

జవాబు: చేస్తుంది మాస్టారూ. మనిషి మాట్లాడిన కొన్ని సెకన్ల రికార్డు దొరికితే చాలు, ఆ గొంతుతో ఏ మాటయినా పలికించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. పిల్లలు పెట్టే రీల్స్‌లోనే కావలసినంత గొంతు దొరుకుతుంది. ఇలాంటి కాల్ ఇంకోసారి వస్తే, ఎంత ఏడుపు వినపడినా సరే ముందు ఫోన్ పెట్టేయండి, పెట్టేసి మీ దగ్గరున్న నంబరుకి మీరే చేయండి. 'ఎవరికీ చెప్పకు' అన్న మాట వినపడితే అదే గుర్తు. డబ్బు వెళ్ళిపోతే ఎంత తొందరగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అంత మంచిది, తెల్లారాక చూద్దామని ఆగొద్దు.

మీ ఉత్తరం చివర రాసిన రెండు లైన్లు పాఠకులకి కూడా చూపించాలనిపించింది, మీరు ఏమీ అనుకోరని ఇక్కడ వేస్తున్నాను: "చెయ్యి వణుకుతూనే ఉంది, బ్యాంకు పుస్తకం కూడా తీశాను. అప్పుడు తట్టింది, మా అమ్మాయి కాపురం ఒడియా వాళ్ళింట్లో, వాడు పుట్టినప్పటి నుంచీ నన్ను తాతా అని ఒక్కసారి పిలవలేదు, అజా అంటాడు."