పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: చెక్ అధివాస్తవిక కథలు, సినిమాలు

ప్రశ్న: రచయిత కాఫ్కాను చెక్ సర్రియలిస్టు (అధివాస్తవికవాది) అనుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తణుకు

అనుకోకూడదు. ప్రాగ్‌లో పుట్టాడు గానీ రాసింది జర్మన్‌లో. 1924 జూన్‌లో చనిపోయాడు. పారిస్‌లో ఫ్రెంచి కవి ఆంద్రె బ్రెతన్ మొదటి సర్రియలిస్టు ప్రణాళిక వెలువడింది అదే ఏడు అక్టోబరులో. ప్రాగ్‌లో సర్రియలిస్టు బృందం ఏర్పడింది 1934లో, కవి నెజ్వల్ చొరవతో. చిత్రకారులు స్తీర్‌స్కీ, తోయెన్ అందులో ఉన్నారు. చెక్ సర్రియలిజం చదవాలంటే నెజ్వల్‌తో మొదలుపెట్టండి.

ప్రశ్న: నెజ్వల్ నవల ‘వాలెరీ’ ఇంగ్లీషులో చదివి, ఆ తర్వాత సినిమా చూశాను. కథ ముక్కలుముక్కలుగా ఉంది. నేను చూసిన కాపీలో సీన్లు ఎగిరిపోయాయా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

ఎగిరిపోలేదు, తీయడమే అలా తీశారు. సినిమా మొత్తం గంటంబావు. నెజ్వల్ ఈ నవలను 1935లో రాశాడు, అచ్చయింది 1945లో. రక్తం తాగే ముసుగు మనిషి, నేలమాళిగ, ఎక్కడో పెరిగిన అన్న... పాతకాలం భయానక నవలల సరుకంతా తెచ్చి కలలో కలిపేశాడు. అయినా నవలలో పాత్రలు మాట్లాడుకుంటాయి కాబట్టి ఎవరు ఎవరికి ఏమవుతారో పట్టుకోవచ్చు. 1970లో సినిమా తీసిన యారొమిల్ యిరెష్ ఆ మాటల్ని చాలావరకు తీసేశాడు. అతనితో కలిసి స్క్రిప్టు రాసిన ఎస్తెర్ క్రుంబహోవాకు దుస్తుల రూపకల్పనలో గొప్ప పేరు. నవలలో మాటలు చేసే పని సినిమాలో తెల్లబట్టలు, నల్లముసుగు చేస్తాయి.

ఈసారి చెవిపోగుల మీద కన్నేసి చూడండి. మొదట్లోనే నిద్రపోతున్న వాలెరీ చెవిపోగులు దొంగతనమవుతాయి. అవి ఎప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకుంటూ పోతే దారి తప్పరు. ఒక్క మాట: ప్రధాన పాత్ర పదమూడేళ్ల పిల్ల. కొన్ని దృశ్యాలు ఇవాళ చూస్తే చాలా ఇబ్బందిగా ఉంటాయి. ఊళ్లో పదిమందికి వేసే ప్రదర్శనకు ఈ సినిమాను మేం చెప్పం.

ప్రశ్న: ‘లిటిల్ ఓటిక్’ చూశాక ఏడు చేపల కథను అలాగే బొమ్మలు కదిలించి మూడు నిమిషాల సినిమాగా తీయాలనిపించింది. సెల్‌ఫోన్ ఒక్కటే ఉంది. ఎలా?
— ఒక ఉపాధ్యాయుడు, రాజోలు

మంచి కథ పట్టుకున్నారు. చెక్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మయెర్ 2000లో తీసిన ఆ సినిమాకు మూలం 19వ శతాబ్దంలో చెక్ కవి ఎర్బెన్ చెప్పిన జానపద కథ. పిల్లలు లేని దంపతులు చెట్టుమొద్దును బిడ్డగా పెంచుకుంటారు, అది ఎదురుపడిన వాళ్లందరినీ వరసగా మింగేస్తుంది. మన ఏడు చేపల కథలాగే అదీ గొలుసు కథే. ష్వాంక్‌మయెర్ కథను ఇవాళ్టి అపార్టుమెంటులోకి తెచ్చాడు. అయినా పాత కథను పారెయ్యలేదు. పక్కింటి పిల్ల పుస్తకంలో దాన్ని చదువుతూ ఉంటుంది, ఆ భాగాలు అతని భార్య ఎవా గీసిన బొమ్మలతో నడుస్తాయి. తర్వాత ఏం జరగబోతుందో మనకు ముందే తెలుస్తుంది. భయం అక్కడే పుడుతుంది.

మీ కథ కూడా చూసేవాళ్లందరికీ తెలిసిందే. ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు’ అనగానే పిల్లలు తర్వాతి మాట అందుకుంటారు. కాబట్టి కథ చెప్పే పని మానేసి వస్తువుల్ని చూపించండి. పొగ, మసక, నీలం వెలుతురు పెట్టి ఇది కల అని చెప్పకండి. ష్వాంక్‌మయెరే 1988లో తీసిన ‘ఆలిస్’లో తెల్లకుందేలు నిజంగానే పొట్టుకూరిన కుందేలు. గాజుపెట్టెలో పాదాలకు కొట్టిన మేకుల్ని పీక్కుని లేస్తుంది. రొమ్ము దగ్గర కుట్టు విడిపోయి రంపపుపొట్టు కారుతుంటుంది, గడియారం ఆ పొట్టులోంచే తీస్తుంది. వెలుతురు మామూలుదే, గది మామూలుదే. అందుకే నమ్ముతాం.

చేపలు కూడా నిజమైనవే వాడండి, కానీ పచ్చివి వద్దు. దీపాల కింద రెండు మూడు గంటల్లో రంగు మారి, జారిపోయి, ఈగలు ముసురుతాయి. జానెడు పొడుగున్న ఎండుచేపలు తెచ్చుకోండి. నెత్తళ్లు పనికిరావు, వంచితే విరుగుతాయి. చేప అడుగున అల్యూమినియం తీగ రెండు పేటలు మెలేసి ఎం-సీల్‌తో అతికించండి. బైండింగు వైరు మాటిమాటికీ వంచితే తెగుతుంది. వానాకాలం ఎండుచేప చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, నిన్నటి వంపు ఇవాళ ఉండదు. పని ఆపగానే బిగుతు మూత డబ్బాలో పెట్టండి. వాసనకు చీమలు పట్టకుండా బల్లకాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచండి.

గడ్డిమేటుతో పెద్ద చిక్కుంది. చెయ్యి తగిలిన ప్రతిసారీ పరకలు కదిలి, తెరమీద మేటంతా పురుగులా పాకుతుంది. ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి చల్లి, ఒక రోజు ఆరనివ్వండి. చీమను కుమ్మరిమట్టితో చేస్తే మధ్యలో బీటలిస్తుంది. నూనెమట్టి, అంటే పిల్లలు ఆడుకునే రంగుల క్లే, మంచిది. ఎండాకాలం మరీ మెత్తబడితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

సెకనుకు 12 ఫొటోలు చాలు, ఒక్కోటి రెండు ఫ్రేములు నిలిస్తే 24 అవుతాయి. మూడు నిమిషాలకు 2,160 ఫొటోలు. గంటకు 60 తీసినా 36 గంటల పని, ఆదివారాలు లెక్కేసుకోండి. ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తూకం) మూడూ లాక్ చెయ్యాలి. ఆటోలో వదిలేస్తే ప్రతి ఫొటోకీ వెలుతురు మారి సినిమా మినుకుమినుకుమంటుంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, రెండు ఎల్‌ఈడీ బల్బులతోనే తీయండి. షట్టర్ వేగం సెకనులో 50వ వంతు పెడితే 50 హెర్ట్జ్‌ల మన కరెంటుకు సరిపోతుంది, బల్బుల మినుకు ఫొటోల్లో పడదు. బొమ్మ కదిపేవాళ్లు ముదురు రంగు చొక్కా వేసుకోవాలి, తెల్లచొక్కా వెలుతురు చేపమీద పడుతుంది. ఫ్యాను ఆపెయ్యండి. స్టాండు కాళ్లను టేపుతో నేలకు అంటించి, ఫోన్ తాకకుండా ఇయర్‌ఫోన్ బటన్‌తో తీయండి.

చివరి మాట, ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’, చీమ చేత అనిపించకండి. ‘ఆలిస్’లో కుందేలు మాటలు కూడా పాప పెదవులే చెబుతాయి, ఆ పెదవులు తెర నిండా కనిపిస్తాయి. మీరూ ఒక పిల్ల నోటిని అంత దగ్గరగా తీసి చెప్పించండి. నేపథ్య సంగీతం వద్దు. గడ్డి గరగర, ఎండుచేప బల్లకు తగిలిన చప్పుడు విడిగా రికార్డు చేసి కలపండి.

ప్రశ్న: మా లైబ్రరీలో వీటిలో ఏది ముందు వెయ్యాలి? తెలుగు సబ్‌టైటిళ్లు దొరకవు కదా.
— ఒక పాఠకుడు, నరసాపురం

ష్వాంక్‌మయెర్ 1982లో తీసిన ‘డైమెన్షన్స్ ఆఫ్ డైలాగ్’తో మొదలుపెట్టండి. సుమారు 12 నిమిషాలు. మాటలు లేవు కాబట్టి సబ్‌టైటిళ్ల గొడవే లేదు. మూడో భాగంలో రెండు మట్టితలలు ఎదురెదురుగా ఉండి నోట్లోంచి వస్తువులు బయటపెడతాయి: బ్రష్షుకు పేస్టు, రొట్టెకు వెన్న, బూటుకు లేసు. రెండో విడతకు జత తప్పుతుంది, బూటు మీద వెన్న పడుతుంది. శబ్దమే సగం సినిమా, కాబట్టి ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకరుతో సరిపెట్టకుండా బయటి స్పీకర్లు రెండు పెట్టండి. అయిపోగానే మళ్లీ ఒకసారి వెయ్యండి. ‘లిటిల్ ఓటిక్’ రెండు గంటలు దాటుతుంది, అది ఇంకో రోజుకు, పెద్దవాళ్లకు.