కొత్త స్టీరియో పెట్టాక బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోతుంటే

కొత్త స్టీరియో పెట్టించాక, రాత్రి ఆపిన కారు పొద్దున స్టార్ట్ కావట్లేదంటే బ్యాటరీని తిట్టుకునే ముందు సెట్ వెనక పసుపు, ఎరుపు వైర్లు చూడండి. మామూలుగా పసుపుకి ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, ఎరుపుకి తాళం తిప్పినప్పుడే. రెండూ కలిపి ఎప్పుడూ కరెంటుండే వైరుకే చుట్టేస్తే సెట్ రాత్రంతా కరెంటు లాగుతూనే ఉంటుంది. అవే తారుమారైతే కారు ఆపి తాళం బయటికి లాగగానే గడియారం, స్టేషన్లు చెరిగిపోతాయి.

వైర్లు సరిగ్గానే ఉన్నాయా? మల్టీమీటర్‌ని (కరెంటు కొలిచే మీటర్) 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య కలిపి, డోర్లు మూసి అరగంట ఆగండి (ఈలోగా స్టార్ట్ మాత్రం చేయొద్దు, మీటర్‌లో ఫ్యూజ్ పోతుంది). సుమారు 50 మిల్లీఆంపియర్లు దాటుతుంటే స్టీరియో ఫ్యూజ్ పీకండి. రీడింగ్ పడిపోయిందా, దొంగ అదే. లేదంటే మిగతా ఫ్యూజులు ఒక్కొక్కటిగా.