ముందు విను, తర్వాత చూడు

చిరంజీవి అమ్మాయికి,

వచ్చే నెల నుంచి నీకు చెవి, ముక్కు, గొంతు విభాగంలో పోస్టింగ్ అని తెలిసి సంతోషించాను. రోగిని ఎలా ప్రశ్నించాలో, ఎలా పరీక్షించాలో రాయమన్నావు. పుస్తకాలు నీ దగ్గరే ఉన్నాయి కాబట్టి వాటిలో ఉన్నదంతా మళ్లీ రాయను. నేను గట్టిగా నమ్మేది చెబుతాను. మన విభాగంలో రోగి వేలితో చూపించే చోటు ఒకటి, జబ్బు ఉన్న చోటు మరొకటి కావడం తరచూ జరుగుతుంది. అందుకే పరికరం చేతిలోకి తీసుకోకముందే మాట పూర్తిగా వినాలి. చూసేటప్పుడు చెప్పిన చోటు దగ్గరే ఆగిపోకూడదు.

ముందుగా, నీ ఎదుట కూర్చున్న మనిషికి సరిగా వినబడకపోవచ్చన్న సంగతి గుర్తుంచుకో. ఏ చెవి బాగా వినిపిస్తుందో అడిగి ఆ వైపు జరిగి కూర్చో. నీ ముఖం మీద వెలుతురు పడాలి, పెదవులు కనబడాలి. గట్టిగా అరవకు, నిదానంగా మాట్లాడు. వెంట వచ్చినవాళ్లు జవాబులు అందుకుంటుంటే మర్యాదగా ఆపి, రోగి నోటితోనే చెప్పించు. మొదటి రెండు నిమిషాలు అడ్డు తగలకు. తన బాధ తాను చెప్పుకుంటున్నప్పుడు మనిషి ఏ మాటతో మొదలుపెడతాడో, దేన్ని దాటవేస్తాడో రెండూ పనికొస్తాయి.

తర్వాత నీ ప్రశ్నలు. అన్నిటికన్నా విలువైనది చిన్న ప్రశ్నే: ఏ వైపు? రెండు ముక్కు రంధ్రాలూ మూసుకుపోతే జలుబో, అలర్జీయో అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్క వైపే అయితే జాగ్రత్త పడాలి. చిన్న పిల్లకు ఒకే వైపు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతోందంటే ముక్కులో ఏదో ఇరుక్కుందనే మొదట అనుకో. అది గుండీ బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది కాబట్టి రేపటికి వాయిదా వేయకూడదు. ముక్కు ఒకవైపు దిబ్బడగా ఉండి మళ్లీ మళ్లీ రక్తం కారుతున్న పద్నాలుగు, పదిహేనేళ్ల అబ్బాయి వస్తే యాంజియోఫైబ్రోమా, అంటే రక్తనాళాలతో నిండిన గడ్డ, గుర్తుకు రావాలి. దాని నుంచి ఔట్ పేషెంట్ గదిలో ముక్క తీయాలని చూస్తే రక్తస్రావం ఆపడం చాలా కష్టం. వంగినప్పుడల్లా ఒక రంధ్రం నుంచి నీళ్లలాంటి ద్రవం చుక్కలుగా పడుతోందని చెబితే, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడుగు. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

చెవి కారడం గురించి అడిగేటప్పుడు ఎంత, ఎలాంటిది, వాసన ఉందా అని విడివిడిగా అడుగు. జలుబు చేసినప్పుడల్లా ఎక్కువగా, జిగటగా, వాసన లేకుండా కారే చెవి ఒక రకం. కొంచెమే అయినా ఎప్పుడూ దుర్వాసనతో కారే చెవి మరో రకం. ఈ రెండోదాని వెనుక ఎముకను తినేసే చర్మపు గడ్డ, కొలెస్టియటోమా, ఉండవచ్చు. రోగికి అది పెద్ద బాధగా అనిపించదు కాబట్టి నువ్వే పట్టించుకోవాలి.

‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న మాటను అలాగే రాసుకోకు. చుట్టూ ఉన్నవి గిర్రున తిరుగుతున్నాయా, తూలుతున్నట్టుందా, స్పృహ తప్పబోతున్నట్టుందా? ఎంతసేపు? పక్క మీద ఒత్తిగిలినప్పుడు కొన్ని సెకన్ల పాటు తిరిగి ఆగిపోతే లోపలి చెవిలోని స్ఫటికాలు కదిలి ఉండవచ్చు. చెవిలో హోరు, వినికిడి మందగించడం తోడై, ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల వరకూ ఉంటే లోపలి చెవికి వచ్చే మెనియర్స్ జబ్బు గుర్తుకు రావాలి. వినికిడి బాగానే ఉండి రోజుల తరబడి తగ్గకపోతే సమతుల్యత నరం వాపు కావచ్చు. వాడిన మందులూ అడుగు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్, సిస్ప్లాటిన్ లోపలి చెవిని దెబ్బతీస్తాయి.

ఇక పరీక్ష. బాగున్న చెవితో మొదలుపెట్టు. ఆ మనిషికి సహజంగా ఎలా ఉంటుందో తెలుస్తుంది, భయం తగ్గుతుంది, ఒక చెవి చీము రెండో చెవికి అంటదు. చెవి లోపలికి వెలుగు వేసి చూసే ఒటోస్కోప్ పెట్టకముందు చెవి వెనుక చూడు. పాత ఆపరేషన్ మచ్చ అక్కడే దొరుకుతుంది. పెద్దవాళ్లకు చెవి డొప్పను పైకీ వెనక్కీ, పసిపిల్లలకు కిందికీ వెనక్కీ లాగాలి. దానికి తగిలించే గరాటు లాంటి మొనలను స్పెక్యులమ్‌లు అంటారు; రంధ్రంలో నొప్పి లేకుండా పట్టేవాటిలో పెద్దదాన్నే వాడు. పరికరాన్ని కలంలా పట్టుకుని చిటికెన వేలు రోగి చెంపకు ఆనించు. పిల్లవాడు ఉలిక్కిపడి తల తిప్పినా నీ చేయి కూడా దానితో కదులుతుంది, లోపల గుచ్చుకోదు. కర్ణభేరి మీద మెరిసే వెలుగు త్రికోణం కనబడగానే తృప్తిపడి బయటికి రాకు. కర్ణభేరి పై భాగాన్ని తప్పకుండా చూడు, కొలెస్టియటోమా ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. అక్కడ గులిమి పెచ్చులాంటిది అంటుకుని ఉంటే దాన్ని మామూలు గులిమి అనుకుని వదిలేయకూడదు.

తట్టి మోగించే ట్యూనింగ్ ఫోర్క్ (శ్రుతి దండం) 512 హెర్ట్జ్‌ది వాడు. అంతకన్నా తక్కువదైతే రోగికి శబ్దం కన్నా ఎముకలో అదురు ఎక్కువగా తెలుస్తుంది, ఎక్కువదైతే శబ్దం త్వరగా ఆగిపోతుంది. మోగించి నుదుటి మీద పెట్టినప్పుడు శబ్దం వినికిడి తగ్గిన చెవి వైపు వస్తే లోపం బయటి చెవిలోనో, మధ్య చెవిలోనో ఉంది. మంచి చెవి వైపు పోతే లోపలి చెవిలోనో, నరంలోనో ఉంది. ఈ ఒక్క పరీక్ష ఒక మనిషి వినికిడిని కాపాడగలదు. ‘నిద్ర లేచేసరికి చెవి మూసుకుపోయింది’ అంటూ వచ్చినవాళ్లకు కర్ణభేరి శుభ్రంగా కనబడగానే జలుబు మందులిచ్చి పంపేస్తుంటారు. అలా చేయకు, ఫోర్క్ తీసుకో. శబ్దం మంచి చెవి వైపు పోయిందంటే నరం వినికిడి హఠాత్తుగా పోయి ఉండవచ్చు. అదే రోజు వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ తీయించి, పైవాళ్లకు చూపించు. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లోపే, వీలైనంత త్వరగా మొదలుపెడితే ప్రయోజనం ఎక్కువ.

చెవిపోటు అని వచ్చారు, చెవి మాత్రం నిక్షేపంగా ఉంది. అప్పుడు నీ పని అయిపోలేదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. చెవికి స్పర్శనిచ్చే నరాలు పళ్లకు, దవడ కీలుకు, టాన్సిల్స్‌కు, నాలుక మూలానికి, గొంతు అడుగు భాగానికి కూడా వెళతాయి. పొగాకు అలవాటున్న మధ్యవయస్కుడికి మానని చెవిపోటు ఉంటే గొంతు లోపల పుండు ఉందేమో చూడాల్సిందే. అలాగే పెద్దవాళ్లకు ఒకే చెవిలో కర్ణభేరి వెనుక నీరు చేరితే ముక్కు వెనుక భాగాన్ని ఎండోస్కోప్‌తో చూడకుండా వదలకు.

ముక్కును చూసేటప్పుడు ముందు కొనను బొటనవేలితో పైకెత్తి చూడు, ఆ తర్వాతే రంధ్రాన్ని విప్పి చూపే ముక్కు స్పెక్యులమ్. కొత్తవాళ్లు ముక్కు లోపలి గోడకు సహజంగానే ఉండే మడతను, అంటే కింది టర్బినేట్‌ను చూసి, పాలిప్ (అసహజంగా పెరిగే మెత్తని కండ) అని రాస్తుంటారు. టర్బినేట్ గులాబి రంగులో ఉండి, ప్రోబ్ అనే సన్నని కడ్డీతో తాకితే రోగికి తెలుస్తుంది. పాలిప్ పాలిపోయి, కదులుతూ, తాకినా నొప్పి లేకుండా ఉంటుంది.

నోట్లో కట్టుడు పళ్లు తీయించు. నాలుకను అణిచే పుల్లను నాలుక ముందు మూడింట రెండు వంతుల మీదే ఉంచు, వెనక్కి జరిపితే వాంతి వస్తుంది. టాన్సిల్స్ చూసి చాలించకు, నాలుక పక్కలు, అడుగు భాగం చూసి, గ్లవ్స్ వేసుకుని వేలితో తడిమి చూడు. కంటికి కనబడని గట్టిదనం వేలికి దొరుకుతుంది. మూడు వారాలు దాటిన బొంగురు గొంతుకు స్వరపేటిక చూడకుండా మందు రాయకు. దీనికి వాడే చిన్న అద్దంతో తన స్వర తంతువులను తానే చూసుకున్న మాన్యుయెల్ గార్సియా వైద్యుడు కాదు, సంగీతం నేర్పే గురువు. 1855లో ఆయన ఆ సంగతి ప్రకటించాడు. ఎండోస్కోపులు వచ్చినా ఆ అద్దం వాడటం నేర్చుకో. వేడిచేసి, నీ చేతి వెనుక భాగానికి ఆనించి చూసుకున్నాకే లోపల పెట్టు.

ఒక్క సందర్భంలో మాత్రం నోరు తెరిపించకు. పిల్లవాడు జ్వరంతో, చొంగ కారుస్తూ, ముందుకు వంగి కూర్చుని, ఊపిరికి శబ్దం చేస్తుంటే నాలుక మీద పుల్ల పెట్టవద్దు. శ్వాస దారి అక్కడికక్కడే మూసుకుపోవచ్చు. తల్లి ఒడిలోనే ఉండనిచ్చి, మత్తు డాక్టరును, మీ పెద్ద డాక్టరును పిలువు.

మెడను వెనుక నిలబడి రెండు చేతులతో తడుము. థైరాయిడ్ అనిపిస్తే నీళ్లు మింగించి చూడు.

కేసు షీటులో కుడి, ఎడమ అన్న మాటలు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా రాయి. కర్ణభేరి బొమ్మ గీసి రంధ్రం ఎక్కడుందో గుర్తు పెట్టు. మూడు నెలల తర్వాత ఆ రోగిని చూసే డాక్టరు నువ్వు కాకపోవచ్చు. మొదటి వారం చూసిన కేసుల్లో అనుమానం వచ్చినవి రాసి పంపు, తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న