మంచు, ఐసు మీద బైకు: కుర్రాళ్లు ఎక్కడ పడతారు, ఎందుకు పడతారు?

మీరు అడిగింది: మంచు పడ్డ రోజుల్లో బైకు తీయొచ్చా, టైర్లలో గాలి తగ్గిస్తే చాలని మా కుర్రాళ్లు అంటున్నారు, నిజమేనా అని.

చాలదు. మెత్తటి మంచులో మూడు నాలుగు పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) తగ్గిస్తే గుబ్బల టైరుకి కాస్త పట్టు పెరిగే మాట నిజమే. ఐసు మీద మాత్రం దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. పైగా చలికే గాలి తగ్గుతుంది, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పోతుంది. దాని మీద ఇంకా తీసేస్తే ట్యూబున్న టైరు రేజ్ చేసినప్పుడల్లా రిమ్ము మీద జారుతుంది, లోపల ట్యూబు కూడా తిరిగి వాల్వు మొదట్లో చిరుగుతుంది.

అసలు తేడా ఎంతో చూడండి. పొడి తారు మీద రబ్బరుకి ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.7 పైచిలుకు, ఐసు మీద 0.1 అటూ ఇటూ. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద 9 మీటర్లలో ఆగే బండి ఐసు మీద 60 మీటర్లు దాటుతుంది. అది కూడా చక్రం లాక్ అవకుండా, బండి నిలువుగా ఉంటేనే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: సున్నాకి 15 డిగ్రీలు కింద ఉన్న ఐసు కంటే సున్నా దగ్గరున్న ఐసు ఎక్కువ జారుతుంది, పైన సన్నటి నీటి పొర ఉంటుంది కాబట్టి. ఎండ వచ్చింది కదా అని బండి తీసేవాళ్లు సరిగ్గా ఆ సమయానికే బయల్దేరతారు.

నిటారుగా, ఒకే వేగంతో పోతున్న బండి అంత తేలిగ్గా పడదు. వేగం మార్చినప్పుడు, తిప్పినప్పుడు పడుతుంది. అందుకే సిగ్నళ్ల దగ్గర ఎక్కువ పడతారు, కార్ల చక్రాలు అక్కడి మంచుని నొక్కి నొక్కి అద్దంలా చేసేస్తాయి. తర్వాత వంతెనలు. కింద నుంచి కూడా గాలి తగలడంతో వాటి మీద నీళ్లు ముందే గడ్డకడతాయి, రోడ్డు మామూలుగా తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. తారు మీద కొత్తగా పడ్డ రెండు మూడు సెంటీమీటర్ల మంచు అంత ప్రమాదం కాదు, దాని కింద నిన్నటి ఐసు ఉందా లేదా అన్నదే తేల్చుకోవాలి. కార్ల జాడలు గడ్డకట్టి గాడుల్లా ఉంటే వాటిలోంచి ఏటవాలుగా బయటికి రావద్దు, ముందు చక్రం గాడి అంచుకి ఆనుకుని జారిపోతుంది.

బండిని రెండో గేర్లో, క్లచ్ చాలా నెమ్మదిగా వదులుతూ కదిలించండి. ఐసు మీద ముందు బ్రేకు జోలికి పోవద్దు. వెనక చక్రం లాక్ అయితే తోక పక్కకి పోతుంది, బ్రేకు వదిలితే చాలాసార్లు మళ్లీ గాడిలో పడుతుంది. ముందుది లాక్ అయితే వేళ్లు వదిలేలోపే హ్యాండిల్ మడతపడి బండి నేల మీద ఉంటుంది. వెనక బ్రేకు తొక్కకపోయినా, సింగిల్ సిలిండర్ బండికి ఫస్ట్ గేర్లో యాక్సిలరేటర్ టక్కున మూస్తే వెనక చక్రం అలాగే లాక్ అవుతుంది. క్లచ్ పట్టుకుని నెమ్మదిగా దొర్లనివ్వండి. రెండు కాళ్లూ కిందకి దించి పోవడం నడక వేగం వరకే, అంతకు మించితే పాదం చిక్కుకుని చీలమండ తిరుగుతుంది.

గడ్డకట్టిన చెరువు మీద గింగిరాలు కొట్టాలనే సరదా ఎలాగూ ఉంటుంది. మనిషి నడవడానికే 10 సెంటీమీటర్ల గట్టి, పారదర్శకమైన ఐసు ఉండాలి, బైకుకి 15 అయినా లేనిదే దిగవద్దు. తెల్లగా, నురగలా ఉన్న ఐసు బలం దాదాపు సగమే, కాబట్టి దానికి రెట్టింపు మందం చూసుకోవాలి. వాగు వచ్చి కలిసే చోట మందం ఎంతో ఎవరూ చెప్పలేరు. చెరువు ఐసు మీద పట్టు ఇచ్చేవి మేకులే: గుబ్బల టైరుకి తలలో గాడి ఉన్న పొట్టి స్క్రూలు, ఒక్కో టైరుకి వందల్లో. మొన గుబ్బ లోపలే ఆగిపోవాలి, దాటితే ట్యూబు పోతుంది, అందుకే లోపల పాత ట్యూబు కోసి ఒక పొరగా వేస్తారు. చక్రాలకి చుట్టూ కవచంలాంటి మడ్‌గార్డులు లేకుండా ఇంకొకరితో కలిసి తిరగవద్దు, ఆ స్క్రూలు ఒంటిని చీరేస్తాయి. అదే టైరుతో మామూలు తారు మీదకి వస్తే ఇంకా ఎక్కువ జారుతుంది.

వెనక తాడు కట్టి స్లెడ్జి లాగడం మాత్రం వద్దంటే వద్దు. బండి ఆగుతుంది, స్లెడ్జి ఆగదు, వదులైన తాడు వెనక చక్రానికి చుట్టుకుంటుంది.

చలి సంగతి: గాలి 0 డిగ్రీలే అయినా 80 కిలోమీటర్ల వేగంలో ఒంటికి మైనస్ 10లా తగులుతుంది. వేళ్లు మొద్దుబారితే లీవరు ఎంత నొక్కుతున్నారో తెలియదు. లావుపాటి గ్లోవుల కంటే హ్యాండిల్‌కి తొడిగే సంచులే నయం. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి.

బయల్దేరే ముందు హ్యాండిల్‌ని రెండు వైపులా తిప్పి యాక్సిలరేటర్ వదిలి చూడండి, టపీమని వెనక్కి రావాలి. కేబుల్లోకి దిగిన నీరు గడ్డకడితే యాక్సిలరేటర్ తెరిచినచోటే ఉండిపోతుంది. కార్బొరేటర్ బండి తేమ వాతావరణంలో దారి మధ్యలో నీరసించి ఆగిపోయి, కాసేపటికి తనంతట తానే స్టార్టయితే లోపల ఐసు పట్టిందని అర్థం. చార్జి అయిపోయి గడ్డకట్టిన బ్యాటరీని చార్జింగుకి పెట్టవద్దు, పగలొచ్చు. రోడ్డు ఉప్పుని అదే రోజు చన్నీళ్లతో కడిగి చైనుకి నూనె పెట్టండి. వేడినీళ్లు తుప్పుని ఇంకా తొందర చేస్తాయి.

పడితే ముందు ఇంజిన్ ఆపి, రోడ్డు దిగి వెనక ఏం వస్తోందో చూడండి, బండి సంగతి తర్వాత. లేపేటప్పుడు గేర్లో వేసి, చక్రం దేనికైనా ఆనించి లేపాలి, లేకపోతే బండి మీ చేతుల్లోంచే జారిపోతుంది. సైడ్ స్టాండు కింద చెక్కముక్క పెట్టండి.