స్పోర్ట్స్ కారు గేర్ బాక్స్ ఆయిల్ గురించి మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

2002 నాటి హోండా ఎస్2000 కొన్నావనీ, ఇంజన్ వేగం పెరిగాక మూడో గేరులోకి వేస్తే గరగరమంటోందనీ, గేర్ బాక్స్ ఆయిల్ స్వయంగా మార్చాలనుకుంటున్నావనీ రాశావు. దుకాణంలో అడిగితే 75డబ్ల్యూ-90 చిక్కదనం, జీఎల్-5 ప్రమాణం గల ఖరీదైన సింథటిక్ ఆయిల్ చేతిలో పెట్టారని కూడా రాశావు. ఆ డబ్బా ఇంకా విప్పకపోతే అలాగే ఉంచు. అది చెడ్డ ఆయిల్ కాదు, కానీ నీ గేర్ బాక్సుకు తగినది కాదు. డెట్రాయిట్ పరిసరాల్లో గేర్ బాక్సులు విప్పి పరీక్షించే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కాబట్టి, కారణం కాస్త విడమరచి చెబుతాను.

ఇంజన్ ఆయిల్ విషయంలో రాపిడి ఎంత తగ్గితే అంత మంచిదని మనం అనుకుంటాం. మాన్యువల్ గేర్ బాక్సుకు ఆ లెక్క పూర్తిగా వర్తించదు. నువ్వు గేరు మార్చినప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను ఒకే వేగానికి తెచ్చేది సింక్రో రింగు. అది గేరు పక్కనున్న కోను మీదికి ఒత్తుకుని, మధ్యనున్న ఆయిల్ పొరను చీల్చుకుని, కేవలం రాపిడితో ఆ పని చేస్తుంది. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే, నూనె చేతులతో చేంతాడు పట్టుకున్నట్లు, రింగుకు పట్టు దొరకదు. వేగాలు కలవకముందే పళ్ళు తగులుతాయి, నీకు ఆ గరగర వినిపిస్తుంది. నీ ఇంజన్ 9000 ఆర్‌పీఎం దాకా వెళ్ళేది కాబట్టి మామూలు కారులో కన్నా సింక్రోల మీద ఎక్కువ భారం పడుతుంది. అందుకే ఈ కారుకు ఆయిల్ ఎంపికలో పొరపాటు జరిగితే త్వరగా బయటపడుతుంది.

గేర్ ఆయిళ్ళ ప్రమాణాలైన జీఎల్-4, జీఎల్-5 అనేవి తక్కువ రకం, ఎక్కువ రకం కావు. రెండూ రెండు వేర్వేరు పనులకు ఉద్దేశించినవి. జీఎల్-5 హైపాయిడ్ గేర్ల కోసం, అంటే ఇంజన్ శక్తిని చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌లో ఉండే గేర్ల కోసం తయారైనది. ఆ గేర్ల పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక, విపరీతమైన ఒత్తిడితో జారుతూ కూడా కదులుతాయి. ఆ ఒత్తిడిలో లోహానికి లోహం అతుక్కుపోకుండా జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలను జీఎల్-4తో పోలిస్తే దాదాపు రెట్టింపు మోతాదులో వేస్తారు. అవి పంటి మీద రక్షణ పొరగా ఏర్పడతాయి. ఆ పొరే సింక్రో రింగు పట్టుకు అడ్డు వస్తుంది. పైగా కొన్ని పాత రకం జీఎల్-5 ఆయిళ్ళలోని గంధకం వేడెక్కినప్పుడు ఇత్తడి, కంచు భాగాలను తినేసేది. ఇప్పటి ఆయిళ్ళలో ఆ బెడద చాలా తగ్గింది గానీ పట్టు సమస్య మాత్రం అలాగే ఉంది.

అలాగని జీఎల్-5 వేసిన ప్రతివాడూ తప్పు చేసినట్లు కాదు. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐలో ముందు డిఫరెన్షియల్ కూడా గేర్ బాక్సులోనే ఉంటుంది, రెండింటికీ ఒకే ఆయిల్. పోర్షా 911లో కూడా, 1986 దాకా వచ్చిన 915 గేర్ బాక్స్ అయినా, 1987లో వచ్చిన జీ50 అయినా, డిఫరెన్షియల్‌ను తిప్పే క్రౌన్ వీల్, పినియన్ అనే గేర్ల జత అదే పెట్టెలో తిరుగుతాయి. అక్కడ జీఎల్-5 తప్పనిసరి కాబట్టి, అందులోనే సింక్రోలకు పడేది వెతుక్కోవాలి. నీ కారులో గేర్ బాక్సు ముందు, డిఫరెన్షియల్ వెనుక, దేని ఆయిల్ దానిది. అందువల్ల ఏ కారుకైనా ఆయిల్ ఎంచుకునే ముందు, ఆ పెట్టెలో గేర్లతో పాటు ఇంకేం తిరుగుతున్నాయో చూడాలి.

డబ్బా మీది అంకెలు చూసి కూడా మోసపోకు. గేర్ ఆయిల్ చిక్కదనాన్ని కొలిచే ఎస్ఏఈ పట్టిక వేరు, ఇంజన్ ఆయిల్ పట్టిక వేరు. 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ చిక్కదనం ఇంచుమించు 10డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ చిక్కదనమే. హోండా తన మాన్యువల్ గేర్ బాక్సులకు చెప్పే ఎంటీఎఫ్ (మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అంతకంటే కూడా పలుచనిది. అది దొరకనప్పుడు తాత్కాలికంగా 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ వాడవచ్చని యజమాని పుస్తకంలోనే ఉంది, కానీ తాత్కాలికంగానే. నువ్వు నేరుగా హోండా ఎంటీఎఫ్ కొనుక్కో. ఈ కారు యజమానుల్లో చాలామంది జీఎం కంపెనీ గేర్ బాక్స్ ఆయిల్ అయిన సింక్రోమెష్ వేసి మెచ్చుకుంటారు, వారి మాటను నేను కొట్టిపారేయను. అయినా పాత చరిత్ర తెలియని కారుకు ముందు తయారీదారు చెప్పినది వేసి, గేరు ఎలా పడుతోందో గమనించాకే మరో ప్రయోగం చేయాలి. గేర్ బాక్సుకు 1.48 లీటర్లు పడుతుంది కాబట్టి రెండు క్వార్ట్ డబ్బాలు సరిపోతాయి. వెనుక డిఫరెన్షియల్‌కు 0.77 లీటరు, దానికి జీఎల్-5 హైపాయిడ్ ఆయిలే వేయాలి.

ఇక మార్చే పద్ధతి. పావుగంట నడిపి ఆయిల్ కాస్త వేడెక్కాక మొదలుపెట్టు. కారును నాలుగు జాక్ స్టాండ్ల మీద సమతలంగా నిలబెట్టాలి. ముందు మాత్రమే లేపితే ఆయిల్ మట్టం తప్పుగా తెలుస్తుంది. ఒక్క జాకీని నమ్మి ఎప్పుడూ కారు కిందకు దూరకు. గేర్ బాక్సుకు పక్కన పైగా నింపే ప్లగ్గు, అడుగున ఖాళీ చేసే ప్లగ్గు ఉంటాయి. ముందు పై ప్లగ్గు విప్పాలి. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఏళ్ళ తరబడి కదలని ప్లగ్గు బిగుసుకుపోయి ఉండవచ్చు. అడుగుది విప్పి ఆయిల్ అంతా కార్చేశాక పైది రాకపోతే, కారును కదిలించే దారి ఉండదు.

కారిన ఆయిల్‌ను వెంటనే పారబోయకు. అడుగు ప్లగ్గు కొసన అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తని ముద్ద ఉంటే దిగులు పడకు, అది మామూలు అరుగుదల. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే రజను గానీ, పంటి ముక్క గానీ కనిపిస్తే అక్కడితో ఆగి నాకు ఫోను చెయ్యి. ఆయిల్‌ను పళ్ళెంలో పోసి ఎండలో కొద్దిగా కదిలించు. అయస్కాంతానికి అంటని బంగారు రంగు మెరుపులు తేలితే అవి సింక్రో రింగుల నుంచి వచ్చినవి. కొద్దిపాటి మెరుపులు పాత కారులో సహజమే. ఆయిల్ అంతా మిలమిలలాడితే రింగులు అరిగిపోతున్నాయని అర్థం.

ప్లగ్గులకు వాషర్లు కొత్తవే వెయ్యి. పెట్టె అల్యూమినియంది కాబట్టి బలం కొద్దీ బిగిస్తే మరలు చెడిపోతాయి. సర్వీసు పుస్తకంలోని టార్క్ చూసి, టార్క్ రెంచితోనే బిగించు. డబ్బాకు చేతి పంపు తగిలించి, పై రంధ్రం నుంచి ఆయిల్ సన్నగా బయటికి జారే దాకా నింపి, ఆ ధార చుక్కలుగా మారాక మూయాలి. పాత ఆయిల్‌ను ఖాళీ డబ్బాల్లో పోసి, తీసుకునే విడిభాగాల దుకాణంలో ఇచ్చెయ్యి. వెయ్యి మైళ్ళు నడిపాక మరోసారి మార్చడం నా అలవాటు, ఎందుకంటే మొదటిసారి మూలల్లో మిగిలిపోయిన మురికి రెండోసారి వస్తుంది.

ఆయిల్ మార్చినంత మాత్రాన అరిగిన రింగు బాగుపడదు. మార్చాక కూడా మూడో గేరు ఒక్కటే, అదీ ఎక్కువ వేగంలోనే గరగరమంటే లోపం దాని సింక్రోది. అన్ని గేర్లూ మొండికేసి, రివర్సు కూడా గరగరమంటుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. అప్పుడు గేర్ బాక్సును వదిలి క్లచ్ ద్రవం, సిలిండర్లు చూడాలి. మిషిగన్ చలి ఉదయాల్లో మొదటి పది నిమిషాలు రెండో గేరు బిగువుగా పడితే అది లోపం కాదు. బలవంతంగా తొయ్యకుండా మెల్లగా నడుపు.

శనివారం చేస్తానన్నావు కదా, అయస్కాంతాన్ని తుడవకముందే ఫొటో తీసి పంపు. ఆ రోజు మీటరులో ఎన్ని మైళ్ళు ఉన్నాయో కూడా రాయి.

ఇట్లు,
మామయ్య