ఆఖరి బస్సు పోతే పోనీ

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీ సంగతి చెప్పాడు. ఏడాది పాటు కొండలెక్కుతావట, కారు మాత్రం ఎక్కవట. బస్సో రైలో సైకిలో పడవో పట్టుకుని కొండ మొదట్లోకి చేరడం, అక్కణ్ణుంచి నడక. "నువ్వయినా వద్దని చెప్పక్కా" అని వాడి గోల. నేను వద్దనను. వింటున్నంతసేపూ నా మేనకోడలని గర్వంగా ఉంది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

బూట్లు, రెయిన్‌కోటు, తలకి పెట్టుకునే లైటు, కాగితం మ్యాపు, దిక్సూచి సంగతి నీకు తెలిసిందే. ఫోన్ బ్యాటరీ చలికి తొందరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకో. నూలు బట్టలు వద్దు, తడిస్తే ఓ పట్టాన ఆరవు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారుగా 6.5 డిగ్రీలు తగ్గుతుందని గుర్తుంచుకో, గాలి తోడైతే ఇంకా వణికిస్తుంది. సైకిలుని దారి ఇరుకయ్యేదాకా తొక్కుకుంటూ పోయి అక్కడ తాళం వేసి వదిలెయ్. దిగొచ్చాక మాత్రం జాగ్రత్త, అలిసిన చేతులతో వాలులో బ్రేకు మీద పట్టు ఉండదు. చక్రం అంచుని పట్టే బ్రేకులైతే వానలో మరీ ఆలస్యంగా పడతాయి.

ఇక అసలు మాట. కారున్నవాళ్ళు ఎంత ఆలస్యంగా దిగినా వాళ్ళ బండి వాళ్ళకోసం ఉంటుంది. నీ బస్సు ఉండదు. మధ్యాహ్నం దాటిందంటే నీ కళ్ళు దారి మీద కంటే వాచీ మీదే ఎక్కువ ఉంటాయి. నా భయమంతా దాని గురించే.

మీ మామయ్య కుడికాలు ఈడ్చి నడవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు. కొండ మీద పడ్డారని మాత్రమే నీకు చెప్పాం. ఆ రోజు శిఖరం మీద పొగమంచు కమ్ముకుంటే విడిచేదాకా ఆగాం. ఆలస్యమైపోయింది. వచ్చిన దారి కొండ వెన్ను మీదుగా మెలికలు తిరిగి పోతుంది. ఎడమ పక్కన ఒక వాగు తిన్నగా లోయలోకి దిగుతోంది, కింద రోడ్డు కూడా కనిపిస్తోంది. "దీని వెంట దిగితే బస్సు అందుతుంది" అన్నారు మీ మామయ్య. వద్దన్నాను. అప్పటికే ఆయన దిగడం మొదలుపెట్టారు.

పైనుంచి చూస్తే వాలు మెత్తగానే కనిపిస్తుంది తల్లీ. మధ్యలో ఎక్కడ తెగిపోయిందో పైవాళ్ళ కంటికి ఆనదు. నీళ్ళు బండ మీంచి కిందికి దూకుతాయి, మనం దూకలేం. సగం దిగాక వాగు చప్పుడు మారింది, గలగల పోయి హోరు మొదలైంది. ముందుకి వంగి చూస్తే కింద ఏమీ లేదు. వెనక్కి ఎక్కడానికి ఓపికా లేదు, వెలుతురూ లేదు. పక్కకి తప్పుకుందామని ఆయన నాచు పట్టిన రాయి మీద కాలు మోపారు. చీలమండ విరిగింది. బూటు లోపలే వాచిపోయి, తాడు విప్పడానికి వేలు దూరలేదు. ఆ బస్సు కూడా మా కళ్ళముందే వచ్చింది. స్టాపు దగ్గర కాసేపు ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది.

టార్చి వెలిగించాను. నిమిషంలో ఆరుసార్లు వెలిగించడం, ఒక నిమిషం ఆపడం, మళ్ళీ ఆరుసార్లు. ఆపదలో ఉన్నామని చెప్పే గుర్తు అదే, ఈలతోనైనా అంతే. చాలాసేపటికి లోయలో ఎక్కడో మూడుసార్లు వెలుగు మినుకుమంది. మూడంటే చూశామని జవాబు. మనుషులు వచ్చేసరికి తెల్లవారింది. రాత్రంతా ఆయన్ని నిద్రపోనివ్వకుండా మాట్లాడిస్తూనే ఉన్నాను.

అందుకని లెక్క ఇంట్లోనే కట్టుకో. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. చదునున గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. 12 కిలోమీటర్ల నడక, 900 మీటర్ల ఎక్కుడు అయితే దాదాపు 4 గంటలు. ఇందులో విశ్రాంతి లేదు, కష్టమైన దిగుడు లేదు, వాటికి నువ్వే కలుపుకో. దిగడానికి ఆఖరి బస్సుతో కాకుండా దాని ముందు బస్సుతో లెక్క వేసుకో. ఆదివారం బస్సులు వేరు, సెలవుల్లో వేరు, శీతాకాలంలో కొన్ని ఉండనే ఉండవు. బయల్దేరే ముందురోజు మళ్ళీ అడిగి తెలుసుకో. సంచీలో ఒక రాత్రికి సరిపడా వెచ్చని బట్టా తిండీ ఎప్పుడూ ఉండాలి. అవి ఉంటే బస్సు పోయినా పోయేది నిద్రే.

పడవ సంగతికి వస్తే నాకు గుండె దడే. కొండల మధ్య సరస్సు పొద్దున నిశ్చలంగా ఉండి మధ్యాహ్నానికి గాలికి లేస్తుంది. పడవవాడు రానంటే బతిమాలకు. లైఫ్ జాకెట్ ఒడ్డున ఉండగానే తొడుక్కుని బిగించుకో. చల్లటి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఈత ఎంత వచ్చినా సరే. నువ్వు అనుకున్న టైముకి ఒడ్డుకి రాకపోతే ఏం చెయ్యాలో కూడా దిగేటప్పుడే అతనితో మాట్లాడుకో.

ఇన్ని చెప్పానని బెదిరిపోకు. ఇలా వెళ్ళేవాళ్ళకి దొరికే సుఖం కారు వాళ్ళకి లేదు. బండి కోసం వెనక్కి రానక్కర్లేదు, ఒక లోయలో ఎక్కి ఇంకో లోయలో దిగిపోవచ్చు. ఆ కాలు విరిగాక కూడా నేనూ మీ మామయ్యా అలాగే తిరిగాం, నెమ్మదిగా. శిఖరం దాటి అవతలి లోయ మొదటిసారి కనబడినప్పుడు ఆయన ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకునేవారు. నీకూ అలాంటి రోజులు బోలెడు రావాలి.

నాకోసం ఒక్కటి చెయ్. కొండకి వెళ్ళే ప్రతిసారీ ముందురోజు రాత్రి ఏ దారిన ఎక్కుతావో, ఏ దారిన దిగుతావో, ఎన్నింటికి కిందికి వస్తావో నాకు మెసేజ్ పెట్టు. బస్సు తప్పి ఎక్కడైనా ఆగిపోతే, సిగ్నల్ దొరగ్గానే "ఆగిపోయానత్తా" అని ఒక్క ముక్క పంపు, ఎందుకని అడగను. నువ్వు చెప్పిన టైము మీద రెండు గంటలు చూస్తాను. అప్పటికీ కబురు లేకపోతే కొండల్లో వెతికేవాళ్ళకి ఫోన్ చేసేస్తాను. తర్వాత నువ్వు నామీద కోప్పడినా సరే.

ప్రేమతో,
అత్త